అంటుకుంది అన్న మాట

మా నర్సరీకి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదట్లోనే ఒక ప్రశ్న అడుగుతారు. బయట ఎక్కడైనా మామిడి అంటు కట్టాక కొమ్మ బతికి చిగురేస్తే "అంటుకుంది" అంటారు. మా దగ్గర "కలిసింది" అంటాం. ఎవరైనా అలవాటు కొద్దీ ఆ మొదటి మాట అనబోతే నోటి మీద వేలు పెడతాం. ఎందుకమ్మమ్మా అంటే, పని అయ్యాక చెబుతాననేదాన్ని. నర్సరీలో పని అయ్యేదెప్పుడు? ఇప్పుడు తోట కోడలికి అప్పగించి మోకాళ్ళు పట్టుకు కూర్చున్నాను కనుక, రాసి పెడుతున్నాను. చదివి నవ్వుకోండి. మేం నవ్వడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

దువ్వాడ స్టేషనుకు పోయే దారిలో మా అత్తవారి తోట. మా ఆయనది హార్బరులో షిఫ్టుల ఉద్యోగం. తోటంతా మావయ్యదీ నాదీ. మావయ్య కాయితాల చదువు చదవలేదు గానీ చేతివాసి ఉన్న మనిషి. ఆయన కట్టిన అంటు బతుకుతుందని అనకాపల్లి నుంచి కూడా వచ్చేవారు. ఆయనకు ఎడమ చెవి మందం, కోపం మాత్రం రెండు చెవులకూ సరిపడా ఉండేది. అంటు కడుతున్నప్పుడు పిలిస్తే తల ఎత్తేవారు కాదు. కట్టు మధ్యలో వదిలితే కోసిన చోటు గాలి తగిలి ఆరిపోతుంది. అందుకని ఇంటికి చుట్టాలొచ్చినా, అత్తయ్య అన్నానికి పిలిచినా, ఆయన వీపే సమాధానం.

స్టీలు ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ అవుతున్న రోజులవి. ఇళ్ళు వచ్చేదాకా తలదాచుకుందామని కొన్ని కుటుంబాలు మా తోట వెనక, సరుగుడు చెట్ల వరసకు అవతల, తాటాకు పాకలు వేసుకున్నాయి. నిన్నటిదాకా వరి పండించిన వాళ్ళు కంకర మోసే పనికి వెళ్ళేవారు. ఆ పాకల్లో ఒకావిడ నన్ను "వదినా" అనేది. అందుకని ఇక్కడ ఆమెను మరదలు అనే రాస్తాను. ఆమె పెనిమిటి పనిలో పరంజా మీంచి పడి, తొడ దాకా సిమెంటు కట్టుతో నులక మంచం మీద ఉండేవాడు. కదలాలంటే ఇద్దరు పట్టాలి.

నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి వెళ్ళలేను. మా ఆయన షిఫ్టు నుంచి కాస్త ఆలస్యమైతే క్రేను మీద పడిందనే అనుకుంటాను. అలాంటి దాని ఇంటి వెనక తాటాకు పాకలు, ఎండాకాలం, పడమటి గాలి. అంతకు ముందటి ఏడు ఒక పాక పొయ్యి నిప్పుతో తగలబడింది. మనుషులు దక్కారు, మేకలు పోయాయి. ఆ మేకల అరుపు నా చెవుల్లోంచి పోలేదు. మర్నాడే ఆడవాళ్ళందర్నీ మా పందిట్లో కూర్చోబెట్టాను. గుమ్మం గుమ్మానికి నీళ్ళ కుండ ఉండాలన్నాను. మామిడికాయలు కోసే మా దోటీలు పాకల చివర ఆనించి పెట్టాను, మండుతున్న తాటాకు లాగి పారెయ్యడానికి. అన్నిటికంటే పెద్ద మాట చివర్లో ఇచ్చాను. మా బావి దగ్గర ఆయిలింజను ఉంది, రబ్బరు గొట్టం మీ పాకల దాకా వస్తుంది, మీకు అంటుకుంటే ఆ ఇంజను మీది, పగలైనా రాత్రైనా వచ్చి ఒక్క కేక వెయ్యండి చాలు అన్నాను.

అంటుకుంటే అనే అన్నాను. ఇంకో మాట నాకు తట్టలేదు.

అప్పట్నుంచి నాకు "అగ్గి కమిటీ" అని పేరు పడింది. సంతలో కూడా అలాగే పిలిచేవారు. పిలిస్తే పిలిచారు, నేను రోజూ మధ్యాహ్నం గాలి వాసన చూసి గానీ అన్నం తినేదాన్ని కాదు. ఇంజను సంగతి మరీ బెంగ. ఒక్కొక్కప్పుడు హేండిలు ఎంత తిప్పినా దగ్గి ఊరుకునేది. పాతపట్నం నుంచి వచ్చి మా రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న ఒక సాయిబు మెకానిక్కు దాన్ని బాగుచేసేవాడు. నేను అతని ప్రాణం తీసేదాన్ని. "ఆపా, మీ ఇంజను బాగానే ఉంది, మీకే రిపేరు కావాలి" అని ఒకసారి నవ్వాడు కూడా. ఆపా అంటే వాళ్ళలో అక్క.

ఇక మామిడి సంగతి. మరదలి ఊళ్ళో కళ్ళం పక్కన ఒక మామిడిచెట్టు ఉండేదట. పచ్చడికీ పండుకీ రెంటికీ పనికొచ్చేదట. ఊరు చదును చేస్తారని తెలిసి, ఆమె వెళ్ళి కొమ్మలు కోసి, తడి గోనెలో చుట్టి, నెత్తిన పెట్టుకుని దువ్వాడ దాకా నడిచొచ్చింది. వచ్చి మావయ్య ముందు దించింది.

"తాతా, నాలుగు రోజులు పోతే మా ఊరూ ఉండదు, ఈ సెట్టూ ఉండదు. ఎలాగోలాగ బతికించు" అంది.

అది అంటు కట్టే కాలం కాదని మావయ్య చెప్పలేదు. నాతో కూడా అనలేదు. ఆ పూటే టెంక నాటి పెంచిన మొక్కలు ముందేసుకుని కూర్చున్నారు. కట్టినవాటిలో ఎక్కువ ఎండిపోయాయి. మిగిలిన కుండీలు పాకల వాళ్ళకే ఇంటికొకటి ఇచ్చారు, ఎవరి మొక్క వాళ్ళే చూసుకోవాలని. ఇస్తూ అందరికీ ఒకే పాఠం చెప్పారు. కట్టు ముట్టుకోకండి. నీళ్ళు ఎక్కువ పొయ్యకండి, కట్టులోకి దిగితే కుళ్ళిపోతుంది. ఎర్రగా చిగురు లేస్తే అంటుకున్నట్టు. అప్పుడసలే పొయ్యకండి, నాకొచ్చి చెప్పండి, నేనొచ్చి కట్టు వదులు చేస్తాను.

ఆ తర్వాత మా కంచెకు ఇటూ అటూ పలకరింపే అదైపోయింది. కంకర పనికి పోయేవాళ్ళు కంచె దగ్గర ఆగి "అంటుకున్నాదేటి?" అని ఒకరినొకరు అడిగేవారు. "ఇంకా నేదు" అని జవాబు. ఊరు పోయిన మనుషులు ఒక ఎండుపుల్ల మీద అంత ఆశ పెట్టుకోవడం చూస్తే నాకు కొత్త బెంగ పట్టుకుంది. అది ఎండిపోతే వీళ్ళ మొహం ఎలా చూడటం? మావయ్య పైకి ఏమీ అనేవారు కాదు గానీ, అన్నం మధ్యలో చెయ్యాపి, "ఆ గుంట రానేదేటి?" అనేవారు. గుంట అంటే మరదలే. ఆయన కళ్ళకు ముప్పై దాటినా గుంటే.

ఆ రోజు ద్వారకా నగర్‌లో కొత్తగా తెరిచిన ఒక ఆఫీసుకు క్రోటన్ కుండీలు దించాలి. కుండీల వ్యానులో నేనే వెళ్ళాలి. పొద్దున్నే గాలి మొదలైంది, అదీ వేడిగా. నాకు కాలు కదలలేదు. ఇంజను ఒకసారి తిప్పి చూడండి మావయ్యా అన్నాను. నీకు కలలో కూడా అగ్గే అని విసుక్కున్నారు. పోతూ పోతూ మెకానిక్కు షెడ్డు దగ్గర ఆగి, మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి చూసి రమ్మని బతిమాలాను. వెళ్తానన్నాడు. ఒట్టు పెట్టమన్నాను. పెట్టాడు పాపం.

ద్వారకా నగర్‌లో ఆ ఆఫీసాయన ఒక్కో కుండీ అటు జరపండి ఇటు జరపండి అంటుంటే నా ప్రాణం ఇంటి దగ్గరే ఉంది. పని ముగించుకుని బస్సెక్కాను. గాజువాక దాటాక కిటికీలోంచి చూస్తే, మా వైపు ఆకాశంలో ఒక చోట మురికిగా ఉంది. ఫ్యాక్టరీ పొగ అన్నాడు పక్కనున్నాయన. నేను ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ పొగ నిలువుగా లేస్తుంది, ఇది నేల మీద పడి పాకుతోంది. కండక్టరు మీద అరిచాను, డ్రైవరు మీద అరిచాను. నా అరుపుకు బస్సు పరుగెత్తుతుందా? మా తోట మలుపు రాకముందే దిగిపోయి చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను. పరుగులో నా మనసులో ఉన్నది రెండే. మంచం మీదున్న ఆ మనిషిని బయటికి తెచ్చారా? ఇంజను తిరిగిందా?

దూరం నుంచే ఇంజను చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకు దండం పెట్టుకున్నాను.

వెళ్ళేసరికి పాకల్లో సగం పైన బూడిదైపోయాయి. మిగిలిన వాటి మీద గొట్టంతో నీళ్ళు కొడుతున్నది మావయ్య. పంచె తడిసి ఒంటికి అంటుకుపోయింది, కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. పొగకేమో అనుకున్నాను. మెకానిక్కు దోటీతో మండే తాటాకులు లాగుతున్నాడు. ఆడవాళ్ళు బిందెలు అందుకుంటున్నారు. మరదలు ఒక్కతే ఏ పనీ చెయ్యకుండా, కాలిపోయిన తన పాక ముందు నిలబడి ఉంది.

నీ పెనిమిటి ఏడే అని భుజం పట్టుకు కుదిపాను. నా చెయ్యి తీసి పారేసింది.

"ఇంజను మీదే అన్నావు కదా వదినా. ఎల్లి మీ మావనడుగు. నీల్లు పొయ్యొద్దన్నాడు" అంది.

నాకు ముక్క అర్థం కాలేదు. కంగారులో ఏదో అంటోందనుకున్నాను. ముందు ఆ మనిషి దొరకాలని సరుగుడు చెట్ల వైపు పరుగెత్తాను. అక్కడ నీడలో మంచం, మంచం మీద అతను. మంచంతో సహా ఎత్తుకొచ్చి పెట్టారు. కనుబొమలు కాలాయి గానీ బాగానే ఉన్నాడు. పొట్ట మీద మామిడి కుండీని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఇంట్లో రేకు పెట్టె పోయింది, బియ్యం పోయాయి, బట్టలు పోయాయి. "సేతికందింది ఇదొక్కటే" అన్నాడు సిగ్గుపడుతూ. సెగకు మొక్క ఆకులు మాడిపోయాయి. పైన కట్టిన పుల్ల నల్లగా, అగరొత్తి కాల్చి గుచ్చినట్టుంది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. బతికాడన్న సంతోషానికి కొంత, ఆ పుల్లకి కొంత.

ఏం జరిగిందో తర్వాత ఇద్దరి నోటా విన్నాను. మరదలు కోపంగా చెప్పింది, మావయ్య ఎన్నాళ్ళకో చెప్పారు. రెండూ కలిపితే ఇదీ సంగతి.

ఆమె కంచె దాటి పరుగెత్తుకొచ్చేసరికి మావయ్య తాటాకు పందిరి కింద అటు తిరిగి కూర్చుని అంటు కడుతున్నారు. గాలి సముద్రం వైపు కొడుతోంది కనుక పొగ తోట మీదికి రాలేదు. ఆమెకు ఆయాసంతో గొంతు పెగలడం లేదు. నేను ఒక్క కేక చాలన్నాను కదా. ఆ కేకే వేసింది.

"తాతా, మాది అంటుకున్నాది!"

ఆయన ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న మాట. తల ఎత్తకుండానే మొహం విప్పారిందట.

"అంటుకున్నాదా? ఎర్రగా లెగిసినాదా?"

"ఎర్రగా లెగిసిపోతన్నాది తాతా, బేగి రా."

"లెగనీ. ఎర్రగా లెగిస్తేనే మంచిది. నానొస్తాను, కంగారు పడకు. ఎవుర్నీ ముట్టుకోనీకు. నీల్లు మాత్రం పొయ్యకండి."

ఇంకెవరైనా, ఈ దేశంలో ఇంకే మనిషైనా, ఆడమనిషి రొప్పుతూ వచ్చి అంటుకుందని అరిస్తే బిందె పట్టుకు పరుగెత్తుతాడు. నర్సరీ వాడు ఒక్కడే సంతోషిస్తాడు. ఆమె అక్కడ క్షణం నిలబడిందట. ముసలాయన వీపు వైపు చూసిందట. ఇంజను పాడవుతుందని, లేకపోతే ఆయిలు దండగని, మొహం చాటేస్తున్నాడనుకుంది. అనుకోదా మరి? ఏడుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తితే మెకానిక్కు ఎదురయ్యాడు, నా ఒట్టుకు కట్టుబడి వస్తున్నవాడు. అతనితోనూ అదే మాట అంది, అంటుకున్నాదని. అతనికి ఇంజన్లు తెలుసు, మామిళ్ళు తెలియవు. గోడ దూకి వెళ్ళి హేండిలు తిప్పాడు. అది ఆ రోజు దగ్గకుండా అందుకుంది.

ఇంజను చప్పుడుకు మావయ్య లేచి, ఎవడ్రా అది ముట్టుకున్నదని తిట్టుకుంటూ బయటికొచ్చారు. అప్పుడు చూశారు సరుగుడు చెట్ల అవతల మంట.

చెప్పాం. ఎంతో చెప్పాం. మా పనిలో ఆ మాటకు అర్థం వేరే అని నేను మరదలికి కాళ్ళా వేళ్ళా పడి చెప్పాను. ఆమె పెనిమిటి అయితే విని మంచం ఊగేలా నవ్వాడు. అలా నవ్వినందుకు పెళ్ళాం చేత చీవాట్లు తిన్నాడు. ఆమె మాత్రం నమ్మలేదు. "మాటకి మాట అంటు కట్టకు వదినా, అది మీ మావ పని" అంది. నాకు తల తీసేసినట్టయింది. పాకలు మళ్ళీ లేపడానికి మా తోటలోని వెదుళ్ళు కొట్టి ఇచ్చాం, మా ఆయన తోటివాళ్ళను పిలుచుకొచ్చి నిట్రాళ్ళు పాతించాడు. అన్నీ తీసుకున్నారు, మాట మాత్రం లేదు. కంచె దగ్గర ఆ పలకరింపు ఆగిపోయింది. నా బెంగ అంతా ఒక్కటే. మళ్ళీ నిప్పు రేగితే వీళ్ళు మా గుమ్మం తొక్కుతారా? నమ్మకం పోయాక ఇంజను ఎంత బాగా తిరిగితే ఏం లాభం? పాకల్లో కూర్చుని కాలిపోతారు గానీ మమ్మల్ని పిలవరేమోనని, వాసన చూడటం మానేసి ఆ వైపు కళ్ళప్పగించి కూర్చునేదాన్ని.

మావయ్య కత్తి పట్టడం మానేశారు. వానలు మొదలయ్యాయి, అసలైన అంట్ల కాలం వచ్చింది, టెంక మొక్కలు సిద్ధంగా ఉన్నాయి, ఆయన పందిట్లోకి వెళ్ళలేదు. చెయ్యి వణుకుతోందన్నారు. వణకడం లేదని నాకు తెలుసు. అరుగు మీద, బావి వైపు మొహం పెట్టి, కుడి చెవి బయటికి పెట్టి కూర్చునేవారు. పందిట్లో కూలీ ఎవరో ఒక అంటు చూసి "అంటుకుందండీ" అని అరిచాడు ఒకరోజు. మావయ్య కర్ర విసిరారు. ఇక మీదట ఈ తోటలో ఆ మాట వినబడితే తోలు తీస్తానన్నారు. కలిసింది అనండి, బతికింది అనండి, ఆ మాట ఒద్దు. ఆ మాట అగ్గికి వదిలెయ్యండి. ఇదీ, మీరు అడిగిన దానికి జవాబు. నిజానికి ఇక్కడితో ఆపెయ్యొచ్చు.

కానీ ఆ మాట మా తోటలో ఇంకొక్కసారి వినబడింది.

ముసురు పట్టిన రోజు. నేను వంటింట్లో ఉన్నాను. వీధి గుమ్మంలోంచి ఆడగొంతు, గట్టిగా.

"తాతా, మాది అంటుకున్నాది!"

గరిట పడేసి పరుగెత్తాను. నేను గుమ్మం దాటేలోగా మావయ్య అరుగు దిగిపోయారు. ఆ వయసులో ఆయన పరుగెత్తగలరని ఎవరూ అనుకోరు. పంచె ఎగ్గట్టి, వానలో, బురదలో, బావి దగ్గరికి. నేను హేండిలు పట్టుకునేలోపే ఆయన తిప్పేశారు. ఇంజను అందుకుంది. గొట్టం భుజాన వేసుకుని పాకల వైపు పోతూ, ఎటు, ఎవరిది, మనుషులున్నారా లోపల అని కేకలు. వానలో తాటాకు ఎలా అంటుకుంటుందన్న ఆలోచన ఆయనకూ రాలేదు, నాకూ రాలేదు.

మరదలు గుమ్మంలోనే నిలబడిపోయింది. చంకలో కుండీ ఉంది. గొట్టంలోంచి నీళ్ళు బుసకొడుతూ మావయ్య కాళ్ళ మీద పడుతున్నాయి. ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఆమె దగ్గరికెళ్ళి కుండీ ఎత్తి ఆయన కళ్ళ ముందు పెట్టింది. నల్లగా మాడిన ఆ పుల్ల కణుపులోంచి చిగురు లేచింది. రెండాకులు. ఎర్రగా.

ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేను, వానలో తెలియలేదు. నా సంగతి అడగకండి.

"ఈపాలి సెట్టే తాతా" అంది. మెల్లగా అంది, ఆయన కుడి చెవి వైపు వచ్చి. తర్వాత ఆ గొట్టం వైపు, ఇంజను వైపు చూసి, "మరి నీల్లు పొయ్యమంటావా, ఒద్దంటావా?" అని అడిగింది.

మావయ్య కుండీ వైపు చూశారు. జీవితమంతా అందరికీ చెప్పిన పాఠం ఆయన నోటి దాకా వచ్చి ఉంటుంది.

"పొయ్యి తల్లీ" అన్నారు.